పొక్లెయిన్ వారి పురావస్తు శాఖ

కృష్ణా డెల్టాలో తవ్వకాలంటే పుస్తకాలు అలెగ్జాండర్ రీ పేరు చెబుతాయి. న్యాయంగా అయితే ఆ గౌరవం రోడ్లు, కాలువల ఇంజినీర్లకు దక్కాలి. 1892లో రీ భట్టిప్రోలులో తవ్వకం మొదలుపెట్టేసరికే స్తూపం ఇటుకలు రోడ్డు పనికీ, పాలరాతి పలకలు వెల్లటూరు తూముకూ తరలిపోయాయి. దొరలు దయతలచి వదిలేసిన అడుగుభాగంలోనే ఆయనకు ధాతుకరండాలు, దక్షిణాదిలో బాగా పాతవనిపించుకున్న బ్రాహ్మీ రాతలు దొరికాయి. గుడివాడ స్తూపం ఇటుకలు కూడా బెజవాడ నుంచి బందరు వెళ్ళే రోడ్డుకు పరిచారని పాత సర్వే పుస్తకాల మాట. ఇప్పుడు విజయవాడలో అదే బందరు రోడ్డు మీద మ్యూజియం ఉంది. బుద్ధుడు లోపల, ఆయన ఇటుకలు బయట, ఆటోనగర్‌కు పోయే లారీల కింద.

ఇప్పుడు చట్టం వచ్చింది కదా అంటారు. వచ్చింది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే. రక్షిత కట్టడమంటే ఇప్పటికే దొరికి, బోర్డు పాతించుకున్నది. భూమిలోనే ఉండిపోయినదానికి ఆ మీటర్లు ఎక్కణ్ణుంచి కొలుస్తారు? దానికి దిక్కు 1878 నాటి నిధినిక్షేపాల చట్టం. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలట. పొక్లెయిన్ తొట్టిలో పడ్డ పెంకుముక్కకు పది రూపాయలు ఖరీదు కట్టే మొనగాడెవరు?

కాబట్టి విజయవాడలో బుడమేరు వాగు గట్టు వెంట మురుగు గొట్టం వేసేముందు ఆ దారంతా ఒకసారి నడిచి చూడండి, నాలుగుచోట్ల పరీక్ష గోతులు తియ్యండి, తవ్వేటప్పుడు మట్టి దగ్గర తెలిసిన మనిషినొకణ్ణి నిలబెట్టండి అనడం అత్యాశేమీ కాదు. ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ విప్పే కుర్రాడు కూడా పళ్ళచక్రాలు, వాషర్లు వచ్చిన వరసలోనే గోనెపట్టా మీద పేరుస్తాడు. వరస పోతే బండి పోయినట్టే. మట్టిపొరలదీ అంతే, కాకపోతే వాటిని మళ్ళీ బిగించడం ఎవరి తరమూ కాదు. డెల్టా అంతా ఒండ్రే, అందులో ఏముంటుందనేవారు ఘంటసాల ఊరు వెళ్ళి అక్కడి బౌద్ధ స్తూపం చూసి రావాలి. ఆలస్యమవుతుందనే వాదన మాత్రం ముచ్చటైనది. వేసిన రోడ్డునే కేబులుకొకసారి, మంచినీళ్ళకొకసారి, గ్యాసుకొకసారి తవ్వే ఊళ్ళో తొందర ఎప్పుడూ చరిత్ర దగ్గరే గుర్తొస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళల్లో నీళ్ళు నిలిచాక పెంకుముక్కల గోలేమిటన్నది గట్టి ప్రశ్న. ముందు మనుషులే, సందేహం లేదు. అయితే వాగు పక్క పరీక్ష గొయ్యి తీస్తే బయటపడేది కుండపెంకులే కాదు. ఏ వరద ఎంత ఇసుక మోసుకొచ్చిందో గోతి గోడ మీద చారలు చారలుగా కనిపిస్తుంది; అలాంటి గోతులు వరసగా తీస్తే వాగు ఒకప్పుడు ఎంత వెడల్పున పారిందో, ఎక్కణ్ణుంచి ఎక్కడికి జరిగిందో అంచనా దొరుకుతుంది. ఆ చారల్ని కలిపి పటం గీస్తే, నేటి లేఅవుట్లలో ఎన్ని ప్లాట్లు పాత వాగు కడుపులో ఉన్నాయో సర్వే నంబర్లతో సహా తేలుతుంది. బుద్ధుడు దొరికితే దండ వేసి ఫొటో దిగడానికి అందరూ వస్తారు. ఆ పటం మీద సంతకం పెట్టడానికి ఏ శాఖ నుంచి ఎవరొస్తారో, ముందు ఆ పేరు మురుగు గొట్టం టెండరులో రాయించండి.