వియ్యాలవారి టైర్లు

కారు కొనేటప్పుడు ఇంట్లో రంగు గురించి మాట్లాడుకుంటారు. టైర్లు మార్చేటప్పుడు ఊళ్ల గురించి మాట్లాడుకుంటారు. మా ఇంట్లోనైతే అంతే.

మా ఇన్నోవా టైర్ల గాళ్లు అరిగి, వాటి అడుగునుండే చిన్న దిమ్మెలు పైకి తేలాయి. 1.6 మిల్లీమీటర్ల ఎత్తున్న ఆ దిమ్మె రబ్బరుతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. ఆ సంగతి నోరుజారి ఫోన్లో అన్నాను.

మా అమ్మాయి మామగారిది సదాశివపేట. "ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ మా ఊళ్లోనే ఉండంగ ఇంకో టైరు ఎందుకు బావగారూ?" అన్నారు. మా అబ్బాయి మామగారిది సత్యవేడు వైపు. ఆ దగ్గర్లోని చినపాండూరులో అపోలో వాళ్లు 2020లో ఫ్యాక్టరీ తెరిచినప్పటి నుంచి, అందులో తనకు వాటా ఉన్నట్టే మాట్లాడతారాయన. "ఎంఆర్‌ఎఫ్ వాళ్లు 1946లో మద్రాసులో పిల్లల బెలూన్లు చేసుకుంటూ మొదలైనారు బావగారూ, తెలుసునా?" అని నా చెవిన వేశారు. నేను ఆ మాటను సదాశివపేటకు చేరవేశాను. "అందుకే గాలి సంగతి వాళ్లకు తెలిసినంత ఇంకెవ్వరికి తెల్వదు" అని జవాబొచ్చింది.

రెండు వైపులా వియ్యంకులే. రెండు టైర్లు అవి, రెండు ఇవి వేయిద్దామని మా ఆవిడ రాజీ కుదర్చబోయింది. "నాలుగూ ఒకటే అయితే మంచిది సార్. తప్పదంటే ముందు జత ఒక రకం, వెనక జత ఒక రకం" అన్నాడు షాపతను. అప్పుడు ముందు ఎవరివి, వెనక ఎవరివి? పెళ్లి పీటల దగ్గర కూడా ఇంత ఆలోచించలేదు.

కంపెనీ గురించి కొట్టుకునేవాళ్లలో ఒక్కరూ టైరు పక్కన ఏం రాసి ఉందో చదవరు. మా టైరు మీద 205/65 ఆర్16 అని ఉంటుంది. వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 16 అంగుళాలు. చదవాల్సిన అంకె దాని పక్కన ఉంది: 95. అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుందని. నాలుగింటికీ 2760. హమ్మయ్య అనుకునేలోపే గుర్తొచ్చింది, బండి తన ఒళ్లే సుమారు 1800 కిలోలు. మిగిలిన దాంట్లో ఏడుగురు పెద్దలు, ఒళ్లో కూర్చునే పిల్లలు, ఆవకాయ జాడీలు, ఊరి నుంచి వచ్చే 26 కిలోల బియ్యం మూటలు సర్దుకోవాలి. పైగా సామానంతా వెనకే. నాలుగు టైర్లూ అన్నదమ్ముల్లా బరువు సమానంగా పంచుకోవు. అన్నదమ్ములు మాత్రం పంచుకుంటారా!

అందుకే డ్రైవరు డోరు తెరిస్తే కనబడే స్టిక్కరు మీద చాలా బళ్లకు గాలి లెక్కలు రెండు ఉంటాయి: ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒకటి, బండి నిండితే ఒకటి. చుట్టాలు వస్తారని కంపెనీ వాళ్లకు ముందే తెలుసు. తెలియనిది బంకులో కుర్రాడికి. "ముప్పై అయిదు పెట్టేశా సార్, అన్ని బళ్లకూ అదే" అంటాడు. పక్కనే నైట్రోజన్ బోర్డు. మనం ఊరికే పీల్చే గాలిలోనే నైట్రోజన్ 78 శాతం. డబ్బు మిగతా 22 శాతానికన్నమాట.

మే నెల వస్తే సలహా మారుతుంది. "ఎండలకు టైరు పేల్తది, గాలి జర తగ్గించుండ్రి" అంటారు సదాశివపేట బావగారు. ఈ ఒక్క విషయంలో సత్యవేడు ఆయనతో ఏకీభవిస్తుంది. వేడెక్కిన టైరులో గాలి ఒత్తిడి పెరిగేది నిజమే. అందుకే పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోమంటారు. మిట్టమధ్యాహ్నం వంద కిలోమీటర్లు నడిపి, ఎక్కువుందని తీసేస్తే రాత్రికి చల్లారి తక్కువవుతుంది. గాలి తగ్గిన టైరు పక్కగోడలు తిరిగే ప్రతి చుట్టుకూ నలిగి ఇంకా వేడెక్కుతాయి, పేలేది అప్పుడే. ఇదంతా వియ్యంకులకు చెప్పలేను కాబట్టి "అలాగే బావగారూ" అని, పొద్దున స్టిక్కరు చూసి పెట్టిస్తాను.

చివరికి తగవు తీర్చింది మా ఆవిడే. బ్రెడ్డు ప్యాకెట్టు తిప్పి తేదీ చూడందే బుట్టలో వేయని మనిషి. టైరుకూ తేదీ ఉంటుందని తెలియగానే షాపులో వంగి వెతికింది. చివరి నాలుగంకెలు 1225 అని ఉంటే 2025లో పన్నెండో వారం సరుకు. "కొత్త స్టాకేనమ్మా" అంటున్న షాపతన్ని పక్కకు జరగమని, రెండు కంపెనీల టైర్లూ దొర్లించి చూసింది. సత్యవేడు బావగారివి రెండు నెలలు చిన్నవి. అవే ఖాయం చేసింది. ఎవరికీ కోపం రాకుండా తేదీ మీదికి నెట్టేసింది.

వాహన పూజలో నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాం. అయిదోది, స్టెప్నీ, బండి కింద వెనక గొలుసుకు వేలాడుతూ ఉంటుంది. దానికి నిమ్మకాయ లేదు, చాలా ఇళ్లలో గాలి కూడా ఉండదు. పంక్చరైన రోజు దించి చూస్తే అదీ చప్పగా నేలకంటుకుని ఉంటుంది. మాది ఇన్నేళ్లలో దిగకుండా దాచుకున్నది, గాళ్లు నిండుగా ఉన్నాయి. అది ఎంఆర్‌ఎఫ్.

ఈ సంగతి సదాశివపేటకు తెలిసింది. ఆ రోజు నుంచి బావగారు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, అందరి క్షేమం అడిగి, చివర్లో గొంతు తగ్గించి అడుగుతారు: "ఏం బావగారూ, ఇంకా పంక్చర్ కాలేదా?"