నేను అయిదు కిలోల సిలిండర్‌ని

ఇంటింటా ఉండే 14.2 కిలోల సిలిండర్ మాకు పెద్దన్న. ఆయన వంటింటి మూల నుంచి కదలడు. నేను ఊళ్లు తిరిగేదాన్ని. లంబసింగిలో టెంట్లు వేసే ఒకాయన పెట్రోలు బంకులో గుర్తింపు కార్డు చూపించి నన్ను కొనుక్కొచ్చాడు.

ఉక్కు రేకు వంచి, అతికి, ఒత్తిడి పరీక్ష చేసి నన్ను లోకంలోకి పంపారు. నా కడుపులో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ద్రవం. బయటికొస్తే దాదాపు 250 రెట్లు విస్తరించి గ్యాసవుతుంది. అందుకే పైన కొంత ఖాళీ వదిలి నింపుతారు. నిటారుగా ఉంటే వాల్వ్ దాకా ఆవిరే వస్తుంది. పడుకోబెడితే ద్రవం తోసుకొచ్చి మంట భగ్గున లేస్తుంది. బతుకంతా నేను కోరుకున్నవి రెండే: నిలబడడానికి చదునైన చోటు, చుట్టూ ధారాళంగా గాలి.

మొదట్లో ఆ రెండూ దొరికాయి. డిసెంబరు పొగమంచులో వేళ్లు కొంకర్లు పోతున్నవాళ్లకి వేడి టీ అందిందంటే నా వల్లే. అడవిలో ఒక్క పుల్ల విరవకుండా ఉప్మాలు, కూరలు వండిపెట్టాను. పొయ్యి వెలిగించే ముందు మా యజమాని రెగ్యులేటర్ చుట్టూ, ట్యూబు రెండు కొసలా సబ్బు నురగ రాసేవాడు. బుడగ లేచిందంటే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి వెతికే పాపం ఏనాడూ చెయ్యలేదు.

నన్ను అద్దెకివ్వడం మొదలెట్టాక కష్టాలొచ్చాయి. మూతికి దారంతో కట్టిన ప్లాస్టిక్ మూతని అడ్డమంటూ మొదటి బృందమే కోసి పారేసింది. కారు డిక్కీలో అడ్డంగా పడేసి, అద్దాలు బిగించి, మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలి భోజనానికి వెళ్లారు. ఇంకో బృందం వచ్చిన రాత్రి చలికి మంట సన్నగిల్లింది. ద్రవం ఆవిరయ్యేకొద్దీ నా ఒళ్లు చల్లబడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కావడానికే మొరాయిస్తుంది. కాసేపు పొయ్యి ఆపితే సరిపోయేది. ఒక కుర్రాడు నన్ను చలిమంట పక్కకి దొర్లించాడు. లోపల ఒత్తిడి పెరుగుతోందని అరిచి చెప్పడానికి నాకు నోరేది? అటుగా వచ్చిన ఒక పెద్దావిడ "ఓరి నాయనా, ముందు దాన్ని ఇవతలికి లాగండ్రా!" అని కేకేసింది. ఆ తల్లికి నా దణ్ణం.

వాన కురిసిన మరో రాత్రి నన్ను టెంటులోకి లాక్కెళ్లి, జిప్పు వేసి, వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించారు. గాలి చాలని చోట మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. నాలోని గ్యాసు లీకైతే తెలియాలని ఘాటు వాసన కలిపారు. ఆ విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. లీకైన గ్యాసు కూడా గాలికన్నా బరువు కాబట్టి పరుపుల చుట్టూ నేలబారుగా పాకుతుంది. ఎవరికో తలనొప్పి వచ్చి జిప్పు తీయబట్టి ఆ రాత్రి అందరూ బతికారు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న పర్యాటకుల రైలుపెట్టెలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండర్‌తో టీ కాస్తుంటే మంటలు రేగి తొమ్మిదిమంది చనిపోయారు. మమ్మల్ని రైలెక్కించకూడదన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. అయినా నింద మా జాతికే వచ్చింది.

ఇప్పుడు షెడ్డు వెనక అడ్డంగా పడి ఉన్నాను. పొయ్యి వెలగడం మానేసిన రోజే ఖాళీ అని విసిరేశారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టయింది నా బతుకు. వానకి అడుగు రింగు తుప్పు పట్టింది, వాల్వ్‌లో మట్టి చేరింది. మీద బి-25 అని రాసిన పరీక్ష గడువు 2025 జూన్‌తోనే ముగిసింది. ఖాళీ అంటున్న ఈ కడుపులో ఇంకా ఆవిరి మిగిలే ఉంది. పెద్ద సిలిండర్ నుంచి గ్యాసు ఎక్కించి ఇస్తానని ఒకడు బేరమాడాడు. వాడికి తూకమూ తెలియదు, వదలాల్సిన ఖాళీ సంగతీ తెలియదు. పాత ఇనుము కొట్టువాడు నన్ను కోస్తానంటున్నాడు. ఆ కోతలో లేచే నిప్పురవ్వ చాలు.

నన్ను ఏజెన్సీకి అప్పగించండి. పనికొస్తానో లేదో వాళ్లు పరీక్షకి పంపి తేలుస్తారు. నా బదులు వచ్చేదాని మూత దారం కోయకండి, గడువు చూసి తీసుకోండి, టెంటు బయటే నిలబెట్టండి. వాసన వస్తే మంటలార్పి, వాల్వ్ కట్టేసి, దూరం జరిగి 1906కి ఫోన్ చెయ్యండి. నా వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదని చెప్పుకునే హక్కు నాకు ఈరోజుకీ ఉంది. అది పోకముందే నన్ను ఇక్కణ్ణుంచి పంపించండి.