రెండో కప్పు

నా వీపు మీద 1865 అని అచ్చు ఉంది. చూసినవాళ్లు అది నేను పుట్టిన ఏడనుకుంటారు. కాదు, బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టిన ఏడది. నేను ఆ తర్వాత అక్కడ తయారైన పెంకును. నేత్రావతి ఒడ్డు బంకమన్నుతో చేసి, కాల్చి, పాలక్కాడు కనుమ గుండా కోయంబత్తూరుకు తెచ్చారు.

గాంధీపురంలో ఒక నాయుళ్ల ఇంటికి కప్పునయ్యాను. ఏనాడో నాయకరాజుల కాలంలో వచ్చి, ఈ నల్లరేగడిలో పత్తి పండించిన వంశం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. 1930లలో పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చింది, మిల్లులు పెరిగాయి, బస్టాండు చుట్టూ అంగళ్లు లేచాయి. చివరికి ఇంటికన్నా ఇంటి కింది నేలకే విలువ ఎక్కువైంది. కూల్చక తప్పదన్నారు.

సూలూరు దగ్గరి పల్లెలో అవ్వ ఇల్లు బాగుచేస్తున్న మనవడొకడు ఆ సంగతి విని వచ్చాడు. వెంట వచ్చిన మేస్త్రి నన్ను ఎత్తి వేలి కణుపుతో తట్టాడు. ఖణేల్మన్నాను. బిరుసుగా మోగితే మంచిది, బొంగురుపోతే లోపల బీట ఉన్నట్టు.

నన్ను దించడానికి సుత్తి అక్కర్లేదు. నా అడుగున ఒక కొక్కెం ఉంటుంది, అది రీపరుకు తగులుకుంటుంది, అంతే. ఎత్తితే వచ్చేస్తాను. నా కింది గోడ సున్నంతో కట్టింది. ఇటుకలు గీకితే శుభ్రంగా విడివడ్డాయి. వెనక వైపు సిమెంటుతో పెంచిన గది ఇటుకలు మాత్రం ముక్కలై రోడ్డు గుంటల పాలయ్యాయి. వాటి మట్టీ మంచిదే. కట్టినవాళ్లు విప్పే దారి ఉంచలేదు.

విప్పడమంతా మేలని నేననను. మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులో చాలా భాగాన్ని మనవడు చొక్కనాథుడు విప్పించి తిరుచ్చికి తరలించాడు. నిలబడ్డ ఇంటిని ఒలవడం అది. కూలబోయే ఇంటి నుంచి తెచ్చి, కురుస్తున్న ఇంటికి కప్పడం వేరు.

పల్లెలో అవ్వ ఇంటి పాత టేకు దూలాలు అలాగే ఉన్నాయి. చెదలు తిన్న వాసాలు మాత్రం మార్చారు. నా వరసలు సరిపోతాయో లేదోనని మేస్త్రి ముందు నేల మీదే పరిచి చూశాడు. వేరే కార్ఖానా పెంకులతో నా గాడి కలవదు. అందుకే వాటిని గొడ్లపాకకు పంపాడు.

“పగిలినవి పారెయ్యకు నాయనా, మడుల గట్లకు పెట్టు,” అంది అవ్వ. ఇప్పుడు కరివేపాకు, మల్లె, వంగ మడుల చుట్టూ నావాళ్లు నిలువుగా పాతుకుని మట్టి జారకుండా పట్టుకున్నారు. గాంధీపురం ఇంటి మెట్ల రాళ్లు బావి దగ్గర బట్టలు ఉతికే బండలయ్యాయి.

మిగిలిన పెంకులు మామిడి కింద పేర్చి ఉంచారు. ఇక్కడ నెమళ్లు ఎక్కువ, కప్పెక్కి తొక్కుతాయి. ఒకటి పగిలితే ఒకటి మార్చుకుంటే చాలు.