పదును మాస్టారు

ఏలూరు పవర్‌పేటలో ఏ ఇంటి అరుగు మీదైనా పొద్దున్నే పేపరు చీలికలుగా కనిపించిందంటే లోపల పదును మాస్టారు ఉన్నట్టే. కత్తి పదును పరీక్ష కాయితం మీద అయ్యాక ఎడమ ముంజేతి మీద. అందుకే ఆ చేతికి వెంట్రుకన్నది మిగల్లేదు.

రిటైరయ్యాక కొందరు భగవద్గీత పడతారు, కొందరు నడక పడతారు. ఈయన సానరాయి పట్టాడు. అదీ జపాన్‌ది. వెయ్యి నంబరు రాయి పదును తెస్తుంది, ఆరువేలది మెరుగు పెడుతుంది. వెయ్యిది స్నానాల బకెట్లో నానుతుంది కనక రాయిగారు లేచాకే మిగతావాళ్ళ స్నానాలు.

కైకలూరులో వియ్యాలవారింటికి వెళ్ళినా కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకే.

"వదినగారూ, ఈ కత్తిపీటనిలా ఎవరు పాడుచేశారండీ?"

"మా అత్తగారి నాటిదండీ అన్నయ్యగారూ, బానే తెగుతోంది."

కొల్లేటి కొర్రమీనుకు బూడిద రాసి, ఆవిడ ఆ కత్తిపీట మీదే ముక్కలు కొడుతోంది. ఈయన వినడు. కూరగాయల కత్తికి పదిహేను, ఇరవై డిగ్రీల వాలు చాలట. చేపతలకాయ కొట్టేదానికి ఇంకాస్త ఎక్కువ కావాలట, లేకపోతే అంచు పెచ్చులూడుతుందట. ఒకవైపు నూరితే రెండోవైపు అంచున సన్నటి గరుకు లేవాలి, లేచిందాకా నూరాలి, లేచాక దాన్నీ తీసెయ్యాలి. చెప్పేదంతా నిజమే, అదే మన ఖర్మ. ఆ పూట పులుసు మూడింటికి దిగింది.

మా నాయనమ్మ ఊరగాయ జాడీ బోర్లించి, అడుగున గరుకు అంచు మీద కత్తిని నాలుగుసార్లు గీసి వంకాయలు తరిగేసేది. ఆ మాట చెబితే మాస్టారు మొహం చిట్లించాడు. మర్నాటికి వాళ్ళింట్లో ఆవకాయ స్టీలు డబ్బాలోకి మారింది.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఆయన ఉపన్యాసం వినాల్సిందే. మొద్దుకత్తి ఉల్లిపాయను కొయ్యదు, నలుపుతుంది. నలిగినకొద్దీ కళ్ళు మండించే ఆవిరి ఎక్కువ. పదునుకత్తి పడితే ఏడుపు తక్కువ. పక్కనున్న వాళ్ళావిడ సంచీ అందిస్తూ, "అయితే ఇవాళ్టి నుంచి మీరే తరగండి" అంది. ఇంటికి రాగానే ఆయనకు రాయి కడగాల్సిన పని గుర్తొచ్చి పెరట్లోకి వెళ్ళాడు. ఇన్నేళ్ళ సాధనలో ఆయన కూరకని కోసింది ఒక్క బెండకాయ లేదు.

కాబట్టి ఆయన మీ ఇంటికొస్తే కత్తిపీట అటకెక్కించే శ్రమ పెట్టుకోకండి. కత్తి నూరనివ్వండి, బాగానే నూరుతాడు. పనయ్యాక కిలో ఉల్లిపాయలు ముందు పెట్టండి. కాఫీకి కూడా ఆగడు.