పాతికందు నేది ప్రథమము: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సకల శాస్త్రాలకూ ఒక మూలగ్రంథం, దాని చుట్టూ పది వ్యాఖ్యానాలు, ఆ వ్యాఖ్యాతల మధ్య ముష్టియుద్ధం ఉంటాయి. జేమ్స్ బాండ్ సినిమాలను వరసలో పెట్టే శాస్త్రానికి మాత్రం ఇన్నాళ్లూ ముష్టియుద్ధమే ఉండి మూలగ్రంథం లేకపోయింది. 1962 అక్టోబరు 5న లండన్‌లో ‘డాక్టర్ నో’ మొదటిసారి ఆడినప్పుడు తగవు లేదు. ఉన్నది ఒక్కటే సినిమా. మరుసటి ఏడు ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ వచ్చింది. ఇది మేలా, అది మేలా అనేవాడు హాలు మెట్లు దిగుతూనే పుట్టాడు. ఇప్పటికి మొత్తం ఆరుగురు నటులు, పాతిక సినిమాలు. వాదులను శాంతింపజేద్దామని ఒక అజ్ఞాతకవి ఈ ఆటవెలది చెప్పాడు. వారు శాంతించలేదు. పద్యం మీద కూడా పడి కొట్టుకుంటున్నారు గనుక వ్యాఖ్యానం రాయక తప్పింది కాదు.

మూలం

మొదట కానరీయె, మూరు నవ్వులవాడు,
ఒక్కసారి వచ్చె నొక్క డతడు,
క్రెయిగు చచ్చిపోయె, కేక వేయఁగ నేల
పాతికందు నేది ప్రథమమనుచు!

ప్రతిపదార్థం

మొదట = ఆదియందు, అనగా 1962లో; కానరీయె = షాన్ కానరీయే; మూరు = రోజర్ మూర్; నవ్వులవాడు = కనుబొమ ఒకటి ఎగరేసి లోకాన్ని రక్షించేవాడు; అతడు ఒక్కడు = పేరు చెప్పదగని, లేదా చెప్పడానికి వీలుకాని ఒకానొకడు; ఒక్కసారి = 1969లో మాత్రం; వచ్చెను = వచ్చి, వెళ్లిపోయెను అని శేషం; క్రెయిగు = డేనియల్ క్రెయిగ్; చచ్చిపోయె = 2021లో ‘నో టైమ్ టు డై’ చివర క్షిపణుల కింద పడి కన్నుమూసె; పాతికందు = ఈయాన్ ప్రొడక్షన్స్ వారు తీసిన ఇరవై అయిదింటిలో; ఏది ప్రథమము అనుచు = ఏది గొప్పది అంటూ; కేక వేయఁగ నేల = గొంతు చించుకోవడమెందుకు? అయినా చించుకుంటారని ధ్వని.

తాత్పర్యం

వచ్చినవాళ్లు వచ్చారు, పోయినవాళ్లు పోయారు, హీరో కూడా చచ్చాడు, ఇంక ఊరుకోండి.

విశేషాలు

‘కానరీయె’ అన్న చోట ఏవకారం గమనించాలి. మొదట వచ్చినవాడే మొదటివాడన్నది కానరీయుల మతం. వారికి ప్రమాణగ్రంథం 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’. పక్కసీటు మనిషిని గాల్లోకి ఎగరేసే ఆస్టన్ మార్టిన్ కారు, షర్లీ బాసీ గొంతు, టోపీ విసిరి తల తీసే ఆడ్‌జాబ్: తర్వాతి అరవై ఏళ్ల సినిమాలన్నీ ఈ అచ్చులో పోసినవే. కాదనేవాడు లేడు. అయితే ఈ మతస్థులు వినడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. ఆ సినిమాలో నాయకుడు సగం సేపు ఖైదీ. అంతటి ఫోర్ట్ నాక్స్ ఖజానాలో అణుబాంబు టిక్కుటిక్కుమంటుంటే ఏ తీగ పీకాలో తెలియక తడుముకుంటాడు. ఎవరో నిపుణుడు వచ్చి, ఆయన్ని పక్కకు తప్పించి, మీట నొక్కుతాడు. గడియారం సరిగ్గా 007 దగ్గర ఆగుతుంది. అంకె మాత్రమే మనవాడిది. ఇది దోషమని మూరీయులు, ధీరోద్ధతుడికి అంతకంటే పని ఉండకూడదని కానరీయులు. ఈ వ్యాఖ్యాత మూరీయుల పక్షం.

‘మూరు నవ్వులవాడు’ అన్నది పొగడ్తా, తిట్టా? పద్యమంతటికీ కీలకమైన చిక్కు ఇదే. తిట్టు అనేవారు చూపించే సాక్ష్యం బలమైనది. 1974 నాటి ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్’లో విరిగిన వంతెన మీదుగా కారు గాల్లో మెలితిరిగి అవతలి గట్టున పడుతుంది. ఆ గెంతుకు కంప్యూటరు మీద లెక్కలు కట్టారు, ఒకే ఒక్క టేకులో తీశారు. అంత చేసి, కారు మెలితిరిగే క్షణంలో పిల్లల ఈల లాంటి ఒక చప్పుడు జోడించారు. సంగీతం కట్టిన జాన్ బారీయే తర్వాత దానికి విచారించాడు. ఇక 1977లో ‘ద స్పై హూ లవ్‌డ్ మి’ చివర, రాబోయేది ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ అని తెరమీద మాట ఇచ్చారు. ఈలోగా ‘స్టార్ వార్స్’ లోకాన్ని ఊపేసింది. ఇచ్చిన మాట పక్కనపెట్టి, బాండ్‌ను అంతరిక్షానికి పంపి 1979లో ‘మూన్‌రేకర్’ తీశారు. మొదటి సినిమా నాటికే నలభై అయిదేళ్లున్న మూర్, తాను ఎవరి స్థానంలోకి వచ్చాడో ఆ కానరీ కంటే మూడేళ్లు పెద్ద. 1985లో ‘ఎ వ్యూ టు ఎ కిల్’ నాటికి యాభై ఏడు. అందులో ఆయన పరుగెత్తుతుంటే ప్రేక్షకుడికి ఆయాసం వస్తుంది.

పొగడ్త అనేవారికి ఆధారం ‘ఆక్టోపసీ’ (1983). ఇది మనవారికి బంధువుల సినిమా. ఉదయపూర్ సరస్సులో తీశారు. మద్రాసు టెన్నిస్ వీరుడు విజయ్ అమృతరాజ్ పాములవాడి వేషంలో నాగస్వరం మీద బాండ్ బాణీనే ఊదుతాడు. తర్వాత ఆటోరిక్షా ఛేజింగులో టెన్నిస్ రాకెట్‌తో శత్రువులను బాదుతాడు, చుట్టూ జనం టెన్నిస్ చూస్తున్నట్టే అటూ ఇటూ తలలు తిప్పుతారు. కథానాయకుడు అడవిలో ఊడలు పట్టుకుని ఊగుతూ టార్జాన్ కేక వేస్తాడు. ఇన్ని చూశాక ఈ సినిమాను ఎవరైనా వరసలో పైన పెట్టడం సాహసమే. అయినా ఇందులో ఒక ఘట్టం ఉంది. పశ్చిమ జర్మనీలో అమెరికా వైమానిక స్థావరం, సర్కస్ గుడారం, పేలబోయే అణుబాంబు. లోపలికి చొరబడడానికి బాండ్ బఫూన్ వేషం వేసుకోవలసి వస్తుంది. మూతికి రంగు, ముక్కుకు ఎర్రబుడిపె. బాంబు ఉందని ప్రాణం పెట్టి మొత్తుకుంటాడు. గుడారం గుడారమంతా నవ్వుతుంది. పదేళ్లుగా నవ్విస్తూ వచ్చినవాడి మాట అవసరమైన రోజున ఎవరూ నమ్మని దృశ్యం అది. మూర్ నవ్వును ఇంతకంటే కఠినంగా పరీక్షించిన సినిమా ఇంకొకటి లేదు. కవి ‘నవ్వులవాడు’ అన్నది ఈ ఘట్టాన్ని తలచుకునేనని మా నిర్ణయం. కనుక పొగడ్తే.

మొదటి పాదం చివర ‘వాడు’, రెండో పాదం మొదట ‘ఒక్క’. ఉకారం మీద అచ్చు వస్తే సంధి తప్పదు. కవి చేయలేదు. వ్యాకర్తలు దోషమన్నారు. పాపం, వారు అభిమానులతో ఒక్క సాయంత్రం కూర్చుని ఎరగరు. మూర్ పక్షానికీ అతని ముందువాడి పక్షానికీ ఇంతవరకు సంధి కుదిరిందే లేదు.

‘ఒక్క డతడు’: పేరు చెప్పకపోవడం తిరస్కారమని కొందరి ఆగ్రహం. ఇది ఛందస్సు తెలియక పుట్టిన కోపం. ఆటవెలది సరిపాదంలో అన్నీ సూర్యగణాలే. ‘లేజెన్‌బీ’ మూడు గురువులు. ఏ సూర్యగణంలోనూ ఇమడడు. సినిమా లోకంలోనూ ఆయనకు ఇదే అయింది. జార్జ్ లేజెన్‌బీ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మోడల్, అంతకుముందు చేసినవి వ్యాపార ప్రకటనలు. ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ మొదట్లోనే, తాను కాపాడిన అమ్మాయి కారెక్కి పారిపోతుంటే, ఇలాంటి అవమానం ఆ ముందువాడికి ఎప్పుడూ జరగలేదని పెదవి విరుస్తాడు. చివర్లో పెళ్లయిన గంటల్లోనే డయానా రిగ్ పోషించిన ట్రేసీ తూటాకు బలవుతుంది. గెలుపు కోసం వచ్చిన జనం చావు చూసి ఇంటికెళ్లారు. ఏజెంటు సలహా విని లేజెన్‌బీ తప్పుకున్నాడు. నిర్మాతలు 12.5 లక్షల డాలర్లు పోసి కానరీని వెనక్కి తెచ్చుకున్నారు. వరసలో ఈ సినిమా చాలాకాలం అడుగున పడి ఉంది.

ఇప్పుడదే సినిమాను మొదటి మూడింట్లో పెట్టనివాణ్ణి సభలో కూర్చోనివ్వరు. క్రిస్టఫర్ నోలన్‌కు ఇది అత్యంత ఇష్టమైన బాండ్. ‘ఇన్‌సెప్షన్’లో మంచుకోట దాడిని దీని స్ఫూర్తితోనే తీశాడు. సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు. మరి ఎందుకు పైకి వచ్చింది? 2006లో ‘క్యాసినో రాయల్’ వచ్చింది గనుక. క్రెయిగ్ నెత్తురోడాడు, ప్రేమించాడు, ప్రేమించినదాన్ని పోగొట్టుకున్నాడు. ఏడ్చే బాండ్ చెల్లుతాడని తేలాక, 1969లోనే ఏడ్చినవాడు ఉన్నాడని జనానికి గుర్తొచ్చింది. ‘నో టైమ్ టు డై’ ఆ పాత సినిమాలోని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటనే చివర వినిపించి, బాకీ బాహాటంగా ఒప్పుకుంది. సినిమా ర్యాంకును నిర్ణయించేది దాని తర్వాత వచ్చిన సినిమా. అభిమానులు ఇది ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఇవాళ్టి తగవు మీద పట్టు పోతుంది.

అనుక్తులు

పద్యంలో ఇద్దరు లేరు. టిమతీ డాల్టన్ రెండు సినిమాలు, పియర్స్ బ్రాస్నన్ నాలుగు. కవికి చోటు చాలలేదని కొందరంటారు గానీ పై సూత్రం వీళ్లకూ వర్తిస్తుంది. 1986లో బ్రాస్నన్‌నే ఎంచుకున్నారు. ‘రెమింగ్టన్ స్టీల్’ టీవీ ఒప్పందం వదలకపోవడంతో ఆ పాత్ర డాల్టన్‌కు దక్కింది. ఆయన ముఖం చిట్లించి, పగతో రగిలే బాండ్‌ను చూపిస్తే 1989లో కొందరికి మింగుడుపడలేదు. కోర్టు వ్యాజ్యాలతో ఆరేళ్లు సినిమాయే లేదు. క్రెయిగ్ వచ్చాక డాల్టన్ ఋషి అయ్యాడు, ముందే చూసినవాడు అన్నారు. అదే చేత్తో బ్రాస్నన్‌ను కిందికి తోశారు. కనిపించని కారున్న ‘డై అనదర్ డే’ (2002) అడుగున ఉండడంలో అన్ని మతాలకూ ఏకాభిప్రాయం. ‘గోల్డెన్ ఐ’ ఒక్కటి నిలిచింది. అందుకు సగం పుణ్యం 1997లో వచ్చిన వీడియో గేమ్‌ది.

పాఠాంతరం

‘పాతికందు’ బదులు ‘ఇరువదేడులోన’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. డేవిడ్ నివెన్, పీటర్ సెల్లర్స్ నటించిన 1967 నాటి వెక్కిరింపు ‘క్యాసినో రాయల్’నూ, 1983లో ‘ఆక్టోపసీ’కి పోటీగా కానరీ వేరే సంస్థకు చేసిన ‘నెవర్ సే నెవర్ అగైన్’నూ కలిపితే ఇరవై ఏడు. కానీ ఆ పాఠం తీసుకుంటే గణం ఒకటి ఎక్కువై పాదం చెడుతుంది. కనుక ఆ రెండూ లెక్కలోకి రావు. ఇంతటి బలమైన కారణం ఇంతవరకు ఏ అభిమానీ చూపలేదు.

1966లో మన కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ను కూడా చేర్చాలని ఒక తెలుగు శాఖ వాదన. 007 కంటే 116 పెద్ద అంకె అనీ, సంభావనగా ఇవ్వడానికి పనికొచ్చేది నూట పదహారేననీ వారి యుక్తి. యుక్తి బాగుంది. ఆయన వేరే సంప్రదాయానికి మూలపురుషుడు గనుక ప్రత్యేక వ్యాఖ్యానానికి అర్హుడు.

భారతీయ ప్రతుల్లో 2015 నాటి ‘స్పెక్టర్’లో ముద్దులున్న చోట కొంత గ్రంథపాతం ఉంది. చెదలు కాదు, సెన్సారు బోర్డు వారి పరిష్కరణ.

పూర్వపక్షం

‘వ్యాఖ్యాతా, నీ వరస చెప్పు’ అని గద్దించేవారుంటారు. ‘ఆన్ హర్ మెజెస్టీస్’ మొదట, ‘ఫ్రమ్ రష్యా’ రెండు, ‘క్యాసినో రాయల్’ మూడు. ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ను జనం మరీ తిట్టారు. రచయితల సమ్మెలో, సగం రాసిన కథతో తీసిన సినిమా ఇంకెలా ఉంటుంది? ‘స్కైఫాల్’ వంద కోట్ల డాలర్లు దాటిందని పైన పెట్టమనేవారితో వాదించం. డబ్బు లెక్కకు వేరే శాస్త్రం ఉంది.

ఈ వరస కూడా ఎంతకాలమో చెప్పలేం. 2025లో సృజనాధికారం అమెజాన్ చేతికి పోయింది. రాబోయే సినిమాకు డెనీ విల్‌నవ్ దర్శకుడని ప్రకటించారు. ఆయన గంభీరంగా తీస్తే డాల్టన్ ఇంకో మెట్టెక్కుతాడు. నవ్విస్తే, బఫూన్ వేషంలో మొత్తుకున్నవాడికి మంచిరోజులు.

గద్య

ఇది బాండు చిత్రాభిమాన కలహ శ్రవణ జాత వైరాగ్యుండును, తత్కలహ పునఃప్రవేశ కుతూహలుండును నైన యొకానొక వ్యాఖ్యాతచేఁ గూర్పఁబడిన టీకా తాత్పర్యము. ఇరువదియాఱవ చిత్రము విడుదలయగు నంతవఱకు మాత్రమే చెల్లును.