సావొరైట్‌కు టీకా తాత్పర్యం

మూలం: సావొరైట్ అను ఆకుపచ్చ గార్నెట్.

టీక: మూలంలో ముఖ్యమైన మాటలు మూడే, అవీ ఒకదానితో ఒకటి పొసగవు. గార్నెట్ అన్న మాట దానిమ్మకున్న లాటిన్ పేరులోంచి పుట్టింది. ఎర్రని గింజను చూసి పెట్టినది. దాని ముందు 'ఆకుపచ్చ' చేరిస్తే వ్యాఖ్యాతకు పచ్చి దానిమ్మకాయ తప్ప మరొకటి తోచదు. శాస్త్రజ్ఞులు ఈ రాతి జాతిని గ్రాసులర్ అన్నారు. అది గూస్‌బెర్రీ కాయ లాటిన్ పేరు. మన ఉసిరికి ఇంగ్లీషువాళ్లు తగిలించిందీ ఆ కాయ పేరే గనుక దానిమ్మ కాస్తా ఉసిరి అయింది. ఇక సావో (అసలు పలుకు ట్సావో) కెన్యాలో నేషనల్ పార్కు ఉన్న చోటు. చాప, చాలు అనేటప్పటి దంత్య చకారంతో దీన్ని ఉన్నదున్నట్టు పలకగల అదృష్టం తెలుగువాడిది, కానీ రాస్తే 'చావో' అవుతుంది. కంబా భాషలో ఆ మాటకు వధ అని అర్థం చెబుతారు. 1898లో అక్కడ రైలు వంతెన కడుతున్న కూలీలను, మన దేశం నుంచి వెళ్లినవాళ్లతో సహా, రెండు సింహాలు పీక్కుతిన్నాయి. రెండు భాషల్లో ఒకే అర్థం పలికే ఇలాంటి శ్లేష రాఘవపాండవీయం రాసిన చేతికి కూడా సులువుగా చిక్కదు.

ఇంతకీ ఆ పేరు ఎవరిది? ఈ రాయి 1967లో భూగర్భ శాస్త్రవేత్త కాంప్‌బెల్ బ్రిడ్జెస్‌కు మొదట దొరికింది టాంజానియాలో. కెన్యాలో దొరికింది ఆ తర్వాత. 1974లో అమెరికాలోని టిఫనీ నగల కంపెనీ అమ్మకానికి పెడుతూ కెన్యా పార్కు పేరు తగిలించింది. కనుక రాయి పేరు పుట్టినచోట పెట్టేది కాదు, అమ్ముడైన చోట పెట్టేది అని మా వాదం. దీనికి సాక్ష్యం కోసం ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. భద్రాచలం అడవి దారిలో, కొత్తగూడెం దగ్గర గరీబుపేట గుట్ట ఉంది. అక్కడివి ఎర్ర గార్నెట్లు, జాతికి అల్మండైన్లు. ఆ పేరు ఆసియా మైనరులోని అలబండా అనే ఊరిది. పాతకాలంలో ఇలాంటి రాళ్లకు సానపట్టిన ఊరు. తవ్వింది ఒకరు, పేరు మరొకరికి! సానబట్టినవాడికి దక్కిన కీర్తి గరీబుకు దక్కలేదు. ఆ ఊరి పేరులోనే ఉంది కదా సంగతి.

శాస్త్రం పెట్టిన పేరును కొట్టు బేరంతో ముడిపెట్టడం అన్యాయమని ఆక్షేపణ. ఒప్పుకుంటాం, శాస్త్రం ఒక్కోసారి కొట్టుకు బదులు కొలువును చూస్తుంది. 1832లో మరో ఆకుపచ్చ గార్నెట్‌కు ఉవరోవైట్ అని రష్యా ప్రభువు ఉవారోవ్ పేరు పెట్టారు. ఆయన గని మనిషి కాదు. అయినా రాయి తన ఊరిని దాచుకోదు. గరీబుపేట రాయిని భూతద్దం కింద పెడితే లోపల వెంట్రుకకన్నా సన్నని సిల్లిమనైట్ నారలు గుంపుగా కనిపిస్తాయి. ఆ నారల తీరును, లోపలి మూలకాల పాళ్లను పట్టుకునే, శిలువ గుర్తు చెక్కిన ఒక తొలి బైజాంటియం కాలపు రాయి గరీబుపేటదని పరిశోధకులు 2018లో తేల్చారు. పేరు పోయినా చిరునామా పోలేదు.

మరి సావొరైట్‌కు తెలుగులో ఏమనాలి? 'పచ్చ' అనరాదు. రామదాసు చేయించిన పచ్చల పతకంలోని పచ్చ మరకతం, దాని జాతి వేరు. 'పచ్చ గోమేధికం' అనాలి. నవరత్నాల్లోని గోమేధికం కూడా గ్రాసులరే. కాల్షియం, అల్యూమినియం, సిలికా కలిసిన ఒకే తల్లి బిడ్డలు. ఒకదానికి ఇనుము తేనెరంగు ఇచ్చింది, రెండోదానికి వనేడియం, కొంత క్రోమియం ఆకుపచ్చ ఇచ్చాయి. గోమేదం అంటే ఆవు కొవ్వు, అది ఆకుపచ్చగా ఉంటుందా అని మళ్లీ ఆక్షేపణ. బళ్లో నల్లబల్లకు ఆకుపచ్చ రంగు పూసినా పిల్లలు దాన్ని నల్లబల్లే అంటారు. ఏ వ్యాకర్తా అడ్డుపడలేదు.

తాత్పర్యం: మీరు కొనబోయేటప్పుడు మాత్రం సావొరైట్ అనే అడగండి. పచ్చ గోమేధికం అంటే కొట్టువాడు రాహువు ఉంగరానికని తేనెరంగు రాయే తీసి చేతిలో పెడతాడు.