ఆరో గ్యారంటీ

అందరూ బతకాలి కదా! 2025 మార్చిలో కర్ణాటకలో ఎమ్మెల్యేల జీతాలు రెండింతలు చేయడంపై ఆ రాష్ట్ర అప్పటి హోంమంత్రి పరమేశ్వర గారి సంజాయిషీ సారం ఇది. సామాన్యుడూ అవస్థ పడుతున్నాడు, ఎమ్మెల్యేల ఖర్చులూ పెరిగాయి, ఇద్దరిదీ ఒకటే కష్టమట. అమాత్యుల వారితో నాకు పేచీ లేదు. ఇంత దీనస్థితిలో ఉన్నవారికిచ్చే సాయాన్ని జీతం అనడమే బాగాలేదు. పథకం అనాలి. అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారివి ఐదే ఎన్నికల గ్యారంటీలు, తెలంగాణవేమో ఆరు. ఆ ఒక్క లోటూ ఆ నెల 21న తీరిపోయింది. పేరు కూడా నేనే పెట్టేస్తున్నాను: శాసనలక్ష్మి.

పథకమన్నాక మార్గదర్శకాలుండాలి. ఇంటి యజమానురాలో, ఆమె భర్తో ఆదాయపు పన్ను కడితే గృహలక్ష్మి కింద ఇచ్చే నెలకు 2,000 రాదు. ఏడాది సంపాదన 1.2 లక్షలు దాటినా, సొంతానికి కారున్నా బీపీఎల్ కార్డు దక్కదు. 2024 నవంబరులో ఈ లెక్కలు చూపించే కార్డులు ఏరేశారు, జనం గొల్లుమన్నాక కొన్ని తిరిగిచ్చారు. శాసనలక్ష్మికి ఇలాంటి షరతులేవీ పెట్టకూడదు. పెడితే లబ్ధిదారు ఒక్కడూ మిగలడు. ఎన్నికల అఫిడవిట్లు కూడి ఏడీఆర్ సంస్థ సరిగ్గా జీతాలు పెరిగిన వారమే తేల్చిన లెక్క: 223 మంది కర్ణాటక ఎమ్మెల్యేలు ప్రకటించిన ఆస్తులు 14,179 కోట్లు. తలకు 63 కోట్ల పైమాటే. అప్పటి ఉపముఖ్యమంత్రి శివకుమార్ గారొక్కరివే 1,413 కోట్లు. ముంబయి ఘాట్కోపర్ ఎమ్మెల్యే పరాగ్ షా 3,383 కోట్లతో ఆయన్ని రెండో స్థానానికి నెట్టేశారు. వెనకబాటుతనం అంటే ఇదే కదా! శివకుమార్ గారికి మొదటి విడతలోనే మంజూరు చేయాలి.

ఇక దరఖాస్తు. పేదవాళ్లందరిలాగే ఎమ్మెల్యే గారు కూడా ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు పట్టుకుని పొద్దున్నే సేవాకేంద్రం ముందు నిలబడాలి. సర్వర్ డౌన్. రేపు రండి. రేపొస్తే వేలిముద్ర పడదు, సభలో బల్లలు చరిచి చరిచి గీతలు అరిగిపోయాయి. తహసీల్దారు దగ్గర ఆదాయ ధ్రువపత్రం తెమ్మంటారు. తహసీల్దారు మీటింగులో ఉంటారు, ఆ మీటింగు పెట్టించింది ఈయనే.

ఎలాగోలా ఆ గండం గడిస్తే ఇంటికి విచారణకు వస్తారు.

"ఇల్లు సొంతమా, అద్దెదా?"

"ఏ ఇల్లు?"

"ఏదో ఒకటి చెప్పండి సార్. పైకప్పు రేకులా, పెంకులా?"

"హెలికాప్టర్ దిగుతుంది."

విచారణాధికారి కాసేపు ఆలోచించి 'చదును కప్పు' అని రాసుకుంటాడు. 'ధరల వల్ల ఇబ్బంది పడుతున్నారా' అన్న గడి దగ్గర మాత్రం ఎమ్మెల్యే గారి గొంతు పూడుకుపోతుంది. 2025 జనవరిలో బస్సు చార్జీలు 15 శాతం పెంచారు. పెంచింది వాళ్ల ప్రభుత్వమే అనుకోండి. ఆడవాళ్లకు శక్తి పథకం కింద ఉచితం, మరి మగ ఎమ్మెల్యే సంగతి ఎవరు చూస్తారు?

అయితే ఈ తిప్పలేవీ పడకుండానే సొమ్ము మంజూరైపోయింది. హనీట్రాప్ ఆరోపణల మీద, కాంట్రాక్టుల్లో 4 శాతం కోటా మీద ప్రతిపక్షం కాగితాలు చించి స్పీకర్ మీదికి విసురుతోంది. అదే రోజు 18 మంది బీజేపీ సభ్యుల్ని ఆరు నెలలు సస్పెండ్ చేశారు, మార్షల్స్ మోసుకెళ్లి బయట దించారు. ఆ రభసలోనే, చర్చ లేకుండా, ముఖ్యమంత్రి జీతం 75 వేల నుంచి లక్షన్నరకు, ఎమ్మెల్యేది 40 వేల నుంచి 80 వేలకు పెరిగిపోయాయి. అలవెన్సులు వేరే. బయటికి మోసుకెళ్లిన వారికీ పెంపు వర్తిస్తుంది. ఇంటి ముంగిటికే పాలన అంటుంటే ఏమో అనుకున్నాను.

కన్నడిగుల్ని చూసి మనం నవ్వక్కర్లేదు. అదే ఏడీఆర్ లెక్కలో సగటున దేశంలోకెల్లా సంపన్నులు ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేలు, తలకు 65 కోట్లు. తెలంగాణ సభ 2016 మార్చిలోనే ఎమ్మెల్యేకు అన్నీ కలిపి నెలకు రెండున్నర లక్షలు చేసుకుంది. ఇలాంటి బిల్లు ఏ సభలోనైనా ఆగిందని ఎవరైనా విన్నారా? తిట్టుకునే పార్టీలన్నీ ఆ ఒక్క పూట తోడబుట్టినవాళ్లవుతాయి.

వెటకారం ఇక నావల్ల కాదు. 2025 మార్చి 7న సిద్ధరామయ్య గారు పెట్టిన బడ్జెట్ 4.09 లక్షల కోట్లు. అందులో అంగన్‌వాడీ కార్యకర్తకు పెంచింది 1,000 రూపాయలు, సహాయకురాలికి 750. ఆ 750ని సభలో చదివి చప్పట్లు కొట్టించుకున్న రెండు వారాలకే తమకు 40 వేలు పెంచుకున్నారు, దాని గురించి నోరు విప్పి మాట్లాడే ఓపిక కూడా ఒక్కరికి లేకపోయింది. ఆడవాళ్లు అడిగితే ఖజానా ఖాళీ, ఫైలు ఆర్థికశాఖలో ఉంది, కేంద్రం వాటా రాలేదు, కమిటీ వేశాం. వీళ్లు అడిగితే అదే ఖజానా, అదే ఆర్థికశాఖ, ఒక్క పూట. మన ఆంధ్రప్రదేశ్‌లో 11,500తో అంగన్‌వాడీ టీచర్లు, 7,000తో ఆయాలు జీతం పెంచండి మొర్రో అని 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. 2024 జనవరిలో జగన్ ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించింది. పసిపిల్లలకు అన్నం వండిపెట్టి, ముక్కు తుడిచి, పడుకోబెట్టే ఆ ఆయాది అత్యవసర సేవ అని మన సర్కారుకు గుర్తొచ్చింది ఆమె జీతం పెంచడానికి కాదు, సమ్మె మాన్పించడానికి.